వీపునను డొక్కలోను దిగిన గాయములు



నేటి నా ప్రసంగవిషయము వినసొంపైనది కాదు. ఐనను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోని ప్రతి గ్రామమునను ఏదో యొకనాడు అక్కరకు వచ్చునట్టిది. కొమ్ము గాని, కొయ్య గాని, కత్తి గాని మనుష్యుని వీపునందో డొక్కయందో దిగబడినప్పుడు, వైద్యుని చేతికి అప్పగించువరకు ఊరివారు చేయదగిన దేమి, చేయరాని దేమి అనునదే యీ ప్రసంగము. నేను వైద్యుడను గాను. తెలుగు పండితుడనై బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఐనను దీనిని గూర్చి మాటలాడుటకు నాకొక కారణము కలదు. ముందుగా దానినే మనవి చేసెదను.

సుమారు 25 సంవత్సరముల క్రిందటి మాట. 108 వాహనము లింకను రాని కాలము. కోరుట్లకు సమీపమున నేను పనిచేయుచుండిన గ్రామములో, నాయొద్ద చదువుకొనిన యువకుడొకడు మక్కచేనికి అడవిపందుల కాపలా యుండెను. తెల్లవారుజామున మంచె దిగుచుండగా నిచ్చెనమెట్టు విరిగి, కంచెకు పాతిన వెదురుకొయ్యపై వెల్లకిల పడెను. కొయ్య విరిగి, దాని మొన కుడిడొక్కలో, చివరి పక్కటెముకకు క్రిందుగా దిగి నిలిచిపోయెను. మేము పోయి చూచుసరికి వాడు లేచి కూర్చుండి మాటలాడుచుండెను. చొక్కాపై నెత్తురు అరచేతి మేర మాత్రమే కనబడినది. “ఏంగాలే సారూ, జర గీసుకపోయింది” అని నవ్వెను.

అచ్చట చేరినవారిలో నాలుగక్షరములు చదివినవాడను నేనే. కొయ్య లాగి పసుపు పెట్టుడని చెప్పితిని. నా మాట త్రోసివేయువా రెవ్వరు? లాగిరి. లాగినతోడనే లోపలినుండి నెత్తురు ధారగా వెలువడెను. గుప్పెడు పసుపు కూరితిమి, గుడ్డ బిగించితిమి, దాహమనగా నీళ్లు త్రావించితిమి. జీపు దొరకి కరీంనగరము చేరుసరికి మూడు గంటలు పట్టెను. అప్పటికి నాడి చేతికి అందుట లేదు. శస్త్రచికిత్స జరిగినది, కుడివైపు మూత్రపిండమును తీసివేయవలసివచ్చినది, ప్రాణము మాత్రము దక్కినది. శస్త్రవైద్యుడు నన్ను కోపపడలేదు. “ఆ కొయ్యను అట్లే యుంచి తెచ్చియుండిన, ఆ తూటుకు అదియే బిరడాగా నుండెడిది” అని మాత్రము అనెను. ఆ యువకుడు నేటికిని కనబడినప్పుడెల్ల నమస్కరించును. ఆ నమస్కారమునకు నేను తలవంచుకొందును.

ఇట్టి గాయములు మన ప్రాంతమున అరుదు గావు. అడవిపంది కోర క్రిందినుండి పైకి చీల్చును. పరుగెత్తువానిని వెనుకనుండి పడగొట్టి తొడను, పిరుదును, నడుమును కుమ్మును. కట్టివేయబోయిన యెద్దు తల విసరిన కొమ్ము డొక్కలో దిగును. మామిడికాయలు దింపువాడు కొమ్మ విరిగి కంచెకొయ్యపై పడును. తాడిచెట్టునుండి జారిన గీతకార్మికునికి నడుమున కట్టుకొనిన కత్తియే శత్రువగును. సిరిసిల్ల మరమగ్గముల సాలలలో దారి తప్పి యెగిరిన నాడె, దాని ఇనుపమొనతో, ప్రక్కమగ్గము వానిని తాకవచ్చును. ఇండ్లు కట్టుచోట నిలువుగా విడిచిన ఇనుపసలాకలున్నవి. ఇక గట్టుతగాదాలలోను, పెండ్లిపందిళ్లలోను, కల్లుదుకాణముల యొద్దను తటాలున లేచు కత్తిని గూర్చి పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు.

ఇతర గాయములకును వీపుగాయమునకును గల భేద మేమనగా, ఇది మోసగించును. తలపగిలినవాని నెత్తురు కన్నులకు కట్టును. కాలువిరిగినవాడు కేకలు వేయును. వీపున పొడువబడినవాడో, నడచివచ్చును, మాటలాడును, బీడీ యడుగును. గాయపు నోరు అంగుళమైనను ఉండదు. వీపుకండరములు దళసరివి గనుక, మొన దిగిపోయిన వెనుక అవి దగ్గరకు చేరి తూటును మూసివేయును. నెత్తురు బయటికి రాదు, లోపలికి పోవును.

లోపల నున్న వేవి? నడుమునకు పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల, చివరి పక్కటెముకల చాటున మూత్రపిండములున్నవి. కుడిప్రక్క కాలేయము, ఎడమప్రక్క ప్లీహము. రెండు డొక్కలయందును పెద్దప్రేగు వెనుకగోడ నంటుకొని యున్నది. వెన్నెముక ముందుభాగమున శరీరములోకెల్ల పెద్దవైన రక్తనాళములు పోవుచున్నవి. పక్కటెముకల క్రింద ఊపిరితిత్తులున్నవి. ఊపిరితిత్తులకును పొట్టకును నడుమనున్న కండరపుతెర నిలుకడగా నుండునది గాదు. ఊపిరి పూర్తిగా విడిచినప్పుడు ముందువైపున చనుమొనల యెత్తువరకు లేచును. కావున రెక్కయెముకకు క్రిందుగా తగిలిన పోటు రొమ్ములోనికి పోయినదో, పొట్టలోనికి పోయినదో, రెంటిలోనికిని పోయినదో పైచూపునకు తెలియదు. ప్రేగుల నావరించు పొరకు వెనుకనున్న చోట నెత్తురు గాని మలము గాని చేరినయెడల, ముందువైపున కడుపు ఉబ్బకుండగనే, నొక్కిన నొప్పి తెలియకుండగనే, గంటలు గడచిపోవును. “కడుపు మెత్తగానే యున్నది, భయము లేదు” అని యింటికి తెచ్చుకొన్నవాడు మరునాటి రాత్రి జ్వరముతోను, మూర్ఛతోను పడిపోవుటకు కారణ మిదియే.

మన పూర్వులు దీని నెఱుగనివారు కారు. సుశ్రుతుడు తన సంహితలో అప్పటికప్పుడు తగిలిన గాయములను ఛిన్నము, భిన్నము, విద్ధము, క్షతము, పిచ్చితము, ఘృష్టము అని ఆరు విధములుగా విభజించెను. ఈటె, కత్తిమొన, కొమ్ము మొదలగునవి శరీరములోని ఆశయమును, అనగా లోపలి అవయవపు సంచిని, భేదించినయెడల అది భిన్నము. అవి ఆశయములను తాకక మాంసమునందే నిలిచినయెడల విద్ధము. పైకి రెండును ఒక్కతీరుననే కనబడును; వానిని వేరుపరచుటయే వైద్యుని మొదటి పని. కోష్ఠము భిన్నమైనవానికి దప్పిక, మూర్ఛ, ఎగరోజు, మూత్రమార్గమున నెత్తురు మొదలగు చిహ్నములు కలుగునని చెప్పెను. వీపునందు 14 మర్మములను లెక్కించి, అందు పార్శ్వసంధి యను మర్మము దెబ్బతిన్నచో కోష్ఠము నెత్తురుతో నిండి మరణము కలుగుననియు, బృహతి యను మర్మము దెబ్బతిన్నచో అతిరక్తస్రావముచేత ప్రాణము పోవుననియు వ్రాసెను.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మర్మములలో మూడింటికి విశల్యఘ్నములని పేరు. వానియందు దిగిన ములికి లోపల నున్నంతవరకు మనిషి బ్రతికియుండును, లాగినతోడనే చచ్చును. ఈ మూడును తలయందున్నవే గాని వీపున లేవు. ఐనను లాగుటయే ప్రాణాంతకము కావచ్చునను మర్మము అందున్నది గదా! ఈ ప్రకరణమును నేను గురుముఖమున విన్నవాడనే. వెదురుకొయ్యను లాగుమన్ననాడు అది నా జ్ఞప్తికి రాలేదు. పుస్తకమున నున్న విద్య అవసరమునకు రాకపోవుట యననేమో నాకు ఆనాడు తెలిసివచ్చెను.

కావున మీరందరు జ్ఞప్తియం దుంచుకొనవలసిన పనులను వరుసగా చెప్పెదను.

మొదటిది, దిగియున్నదానిని లాగరాదు. కత్తి గాని, కొయ్య గాని, సలాక గాని, ఎంత చిన్నదైనను, చేత పట్టి కదలింపరాదు. దానికి ఇరుప్రక్కల గుడ్డలను చుట్టలుగా చుట్టి పేర్చి, అది ఊగకుండ కట్టవలెను. మనిషి నేలలో పాతిన కొయ్యపైననే పడి చిక్కుకొన్నయెడల, అతనిని పైకి లేవనెత్తరాదు. నలుగురు బరువు నాని పట్టుకొనియుండగా, కొయ్యను శరీరమునకు క్రిందుగా, అదరకుండ కోయించి, కొయ్యతో కూడ తరలింపవలెను.

రెండవది, చొక్కా విప్పక కోసి తీసి, ఒడలంతయు చూడవలెను. ముందున ఒక గాయము కనబడినదని తృప్తిపడరాదు. వీపు, చంకలు, పిరుదులు, తొడసందులు చూడవలెను. ఒక పోటు కనబడినచోట రెండవది దాగియుండుట కలదు. తగాదాలో తగిలిన గాయమైనచో కత్తి దిగిన చిరుగుమీదుగా చొక్కాను కోయరాదు. ఆ చొక్కాను ఉతుకరాదు. అది తరువాత సాక్ష్యమగును.

మూడవది, నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడతలుగా పెట్టి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలెను. దిగినది లోపలనే యున్నచో దానిమీద గాక ఇరుప్రక్కల నదుమవలెను. గుడ్డ తడిసినచో దానిని తీయక, పైన మరియొకటి వేయవలెను. చేతికి ప్లాస్టికు సంచి తొడుగుకొనుట మేలు. కాలికి కట్టినట్లు నడుమునకు త్రాడు బిగించినందున ప్రయోజనము లేదు; ఊపిరికి అడ్డమే.

నాల్గవది, గాయములో వ్రేలు పెట్టరాదు, పుల్ల పెట్టరాదు, ఏమియు కూరరాదు. మనది పసుపు పండించు సీమ. చర్మము గీరుకొన్నచోట పసుపు పెట్టుట యింటింటి వాడుక. దానిని నేను నిందింపను. లోతుగాయమున మాత్రము పసుపు గాని, సున్నము గాని, కాఫీపొడి గాని, పొగాకు గాని, బూడిద గాని కూరినయెడల, అది మలినమును లోపలికి మోయును. వైద్యునికి గాయమును కనబడనీయదు. ఊరి ఆర్.ఎం.పి. వైద్యునిచేత పైనోటికి రెండు కుట్లు వేయించి యింటికి పంపుట అంతకంటె ప్రమాదము. తలుపు మూసినంతమాత్రమున లోపలి దొంగ పోడు.

ఐదవది, నోటికి ఏమియు ఇయ్యరాదు. నీళ్లు, టీ, కల్లు, మాత్ర, ఏదియు కూడదు. దప్పిక నెత్తురు తగ్గినదనుటకు గుర్తు. నీళ్లతో అది తీరదు. మత్తుమందిచ్చి కోయవలసివచ్చినచో నిండుకడుపు హానికరము. పెదవులు తడిగుడ్డతో తుడువవచ్చును. ఒడలు చల్లబడకుండ దుప్పటి కప్పవలెను. చల్లబడిన నెత్తురు గడ్డకట్టదు.

ఆరవది, ఊపిరి కష్టముగా నున్నయెడల, లేక గాయమునుండి గాలి బుడగలు వచ్చుచున్నయెడల, అది రొమ్ములోనికి దిగిన గాయము. దానిని గాలి చొరకుండ నాలుగుప్రక్కల మూసి కట్టరాదు. లోపల చిక్కిన గాలి ఊపిరితిత్తిని అణచివేయును. నెత్తురు కారనిచో తెరచి విడుచుటయే మేలు. గుడ్డ కప్పిన వెనుక ఆయాసము హెచ్చినచో వెంటనే గుడ్డ తొలగింపవలెను. అట్టివానిని, వానికి సుకరమైనచో, తల యెత్తుగా నుంచి తరలింపవలెను. డొక్కనుండి ప్రేగు వెలికి వచ్చినచో లోపలికి త్రోయరాదు. కాచి చల్లార్చిన నీటితో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, దానిపై శుభ్రమైన ప్లాస్టికు కాగితము వేయవలెను. దానిని లోపల పెట్టుట శస్త్రవైద్యుని పని.

ఏడవది, తరలించు విధము. 108 వాహనము 2005 ఆగస్టు 15న మొదలైనది. నాడు మాకు లేని ఆ భాగ్యము నేడు మీకు కలదు. మొదటి ఫోను దానికే చేయవలెను. మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ ఇరికించి తీసికొనిపోవుట మన ఊళ్లలో అలవాటు. వీపున కొయ్య దిగినవానిని అట్లు తీసికొనిపోవుట కొయ్యను లోపల త్రిప్పుటయే యగును. కాళ్లు తిమ్మిరెక్కినవనినను, కదలుట లేదనినను, వెన్నుపాము దెబ్బతిన్నదని తలచి, నలుగురును ఏకముగా దూలమును దొరలించినట్లు దొరలించి పలకపై చేర్చవలెను.

ఇక వ్రేళ్లు పెట్టుటవలన కలుగు అనర్థమునకు లోకప్రసిద్ధమైన నిదర్శన మొకటి చెప్పెదను. 1881 జూలై 2న అమెరికా దేశాధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డు వాషింగ్టను నగరపు రైలుస్టేషనులో తుపాకిచే కాల్వబడెను. ఒక గుండు వీపున కుడిప్రక్కగా దూరెను. దేశమున పేరుగన్న వైద్యులు చుట్టును చేరి, గుండు ఎచ్చట నున్నదో తెలిసికొనగోరి, కడుగని వ్రేళ్లను, కడుగని పనిముట్లను గాయములో పెట్టి వెదకిరి. ఒకనాడు గాదు, పలుమారులు వెదకిరి. గాయము చీము పట్టెను. ఆయన కృశించి కృశించి సెప్టెంబరు 19న మరణించెను. శవపరీక్షలో చూడగా గుండు వారు వెదకిన కుడిప్రక్కన లేనే లేదు. వెన్నెముకకు ఎడమప్రక్క, ప్రధానావయవములను తాకక, ఒక పొరలో ఒదిగియుండెను. దానిని ముట్టకుండినచో ఆయన బ్రతికెడివాడని పెక్కుమంది అభిప్రాయము. దేశాధ్యక్షుని చుట్టు చేరిన వైద్యులకే ఆ పొరపాటు జరిగినప్పుడు, రచ్చకట్టయొద్ద మనకు జరుగుట వింత గాదు. వారి కాలమున క్రిమిసిద్ధాంతము ఇంకను నాటుకొనలేదు. మనకు ఆ సాకు లేదు.

ఆసుపత్రి చేరిన వెనుక జరుగుదానిని గూర్చి కూడ పెద్దలకు తెలిసియుండవలెను. ఏలయనగా తొందరపాటు అచ్చట కూడ కలుగును. ఒకప్పుడు పొట్టలోనికి గాయము దిగినవారి నందరిని కోసి చూచుటయే పద్ధతిగా నుండెను. 1960లో అమెరికాలోని షాఫ్టన్ అను శస్త్రవైద్యుడు, ప్రతివానిని కోయ నక్కరలేదు, కనిపెట్టి చూచి అవసరమైనవానినే కోయవచ్చునని ప్రతిపాదించెను. వీపుగాయముల విషయమున నేడు ఆ మార్గమే చెల్లుచున్నది. నాడి పడిపోవుచున్నవానిని, కడుపు బిగిసినవానిని వెంటనే శస్త్రశాలకు తీసికొందురు. నిలకడగా నున్నవానికి రొమ్ము ఎక్స్‌రే, మూత్రపరీక్ష, నరమున మందెక్కించి సీటీ స్కానింగు చేసి, ఒక దినమైనను మంచముపై నుంచి, మాటిమాటికి కడుపు తడవి, నాడి చూచి, కనిపెట్టుచుందురు. దానిని చూచి “ఏమియు చేయక ఊరక పెట్టిరి” అని డాక్టరుతో కలహించి, సంతకము పెట్టి యింటికి తెచ్చుకొనుట తగదు. ఆ కనిపెట్టుటయే చికిత్స. పోటు తగిలిన వేళ, తగిలిన వస్తువు, దాని పొడవు వైద్యునికి చెప్పవలెను. మూత్రము ఎఱ్ఱగా వచ్చినచో దాచక చెప్పవలెను. ధనుర్వాతము రాకుండ సూది వేయించుకొనవలెను. కుమ్మినది అడవిపంది యైనచో ఆ మాట విధిగా చెప్పవలెను. రేబిస్ టీకా అవసరమో కాదో వైద్యుడు నిర్ణయించును. నెత్తురిచ్చుటకు ఇద్దరు ముగ్గురు యువకులు వెంట పోవుట మంచిది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలోను కరీంనగరములోను 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. వెనుకటి దూరములు నేడు లేవు.

కడపట ఒక మాట, ఇది ప్రత్యేకముగా పెద్దలకే. తగాదాలో కత్తిపోటు తగిలినప్పుడు, పోలీసు కేసగును, ఇరుకుటుంబములును చెడును, మనలో మనమే తీర్చుకొందమని గాయపడినవానిని ఇంటిలో దాచుట కలదు. తీర్పు చెప్పు పెద్దకు ఊరి నెమ్మది ముఖ్యమే. కాని ఆ రాత్రి లోపల నెత్తురు కారి వాడు చచ్చెనా, గాయపు కేసు హత్యకేసగును. పొడిచినవాని బ్రతుకును, దాచినవాని గౌరవమును కూడ పోవును. దాపరికము ఎవ్వరిని కాపాడదు. పోలీసు కాగితములు పూర్తియైనగాని డాక్టరు ముట్టడను భయమును వలదు. గాయపడినవానికి ముందు చికిత్స చేయవలెను, కాగితములు తరువాత అని పరమానంద కటారా కేసులో సుప్రీముకోర్టు 1989లోనే తీర్పు చెప్పినది. ఆ బాధ్యత ప్రభుత్వవైద్యులకును, ప్రైవేటువైద్యులకును సమానమే.

ఊరిలో ఎవ్వరికైనను దెబ్బతగిలినప్పుడు జనులు గుమిగూడి, పెద్ద యేమనునో యని అతని ముఖము చూతురు. ఆ క్షణమున పెద్ద నోట వచ్చు మొదటిమాటయే జరుగును. నా నోట “లాగుడు” అని వచ్చెను. మీ నోట “ముట్టకుడు, 108ని పిలువుడు” అని రావలెనని నా ప్రార్థన. మీ మనుమలచేత నైనను, కాపలా పోవు జీతగానిచేత నైనను, మగ్గము నడపువానిచేత నైనను ఈ రెండుమాటలు ఒకమారు పలికించి చూడుడు.